తప్పెక్కడుందో చెప్పని టీచరమ్మ

మూడోసారి కూడా తెరేజా టీచరమ్మ క్యాలెండర్ నమూనాను చేతిలోకి తీసుకుంది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసి, బల్ల మీద బోర్లా పెట్టేసింది. బోర్లా పెట్టిందంటే బాగాలేదని. ఏం బాగాలేదో చెప్పే అలవాటు మాత్రం ఆవిడకు లేదు.

"ఇంకోసారి చూసుకో అమ్మా," అంది.

ఏం మార్చాలో చెబితే ఇప్పుడే మీ కళ్లముందే మార్చేస్తానంది లమ్వాకా. మౌస్ మీద చెయ్యి వేసే ఉంచింది.

"నలభై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను. తప్పు ఇదిగో ఇక్కడుందని ఏ పిల్లకీ చూపించలేదు. చూపిస్తే ఆ ఒక్కటే దిద్దుకుని ఊరుకుంటారు. అయినా నీకు తెలియందేముంది?"

అంతే. పొడుగాటి గోమెసి గౌను నడికట్టు సర్దుకుని, సంచీ చంకన పెట్టుకుని మ్పీగి ఊరికి పోయే టాక్సీ కోసం వెళ్లిపోయింది. ఆ నడకలో కోపం కూడా లేదు. పరీక్ష పేపర్లు తిరిగి ఇచ్చేసి క్లాసు దాటిన టీచరు నడక అది. లమ్వాకాకు అదే ఒళ్లు మండింది. కోప్పడితే కనీసం దేని మీద కోపమో తెలిసేది.

వెనక గదిలోంచి ముత్యాబా వచ్చాడు. ప్రెస్సు ఆయనది. కిరసనాయిలు గుడ్డతో వేళ్ల సిరా తుడుచుకుంటూ, బల్ల మీద బోర్లా పడి ఉన్న కాగితాన్ని చూసి, అడగాల్సిన ప్రశ్న అడక్కుండానే నిట్టూర్చాడు. నవంబరు సగమైపోయింది. క్యాలెండర్ పని ఒకటి ఆగితే దాని వెనక పదీ ఆగుతాయి. కంపాలాలో ప్రెస్సులన్నీ ఆ ఒక్క వీధిలోనే ఉన్నాయి కనుక, ఇక్కడ బోర్లా పెట్టినవాళ్లు నాలుగడుగులు వేసి ఎదురు ప్రెస్సులో వెల్లకిలా పెట్టించుకుంటారు.

"సోమవారం ఆవిడ సరే అనాలి నల్వోగా," అన్నాడు. "అనలేదనుకో, ఆ కుర్చీలో ఇంకొకళ్లు కూర్చుంటారు. నువ్వు మళ్లీ కటింగ్ గదిలోకి పోతావు. నన్ను తిట్టుకోవద్దు."

నల్వోగా అన్నది లమ్వాకానే. ఆమె ఊరు ఉత్తరాన గులు, పేరు లమ్వాకా. మూడు నెలల కిందట డిజైనర్ కుర్చీలో కూర్చోబెట్టిన రోజే ముత్యాబా ఆ పేరు పక్కన పెట్టించాడు. మాట మాలాగే ఉంది, పేరు కూడా మాలాగే ఉంటే వచ్చినవాళ్లకు ఇబ్బంది ఉండదు, అన్నాడు. ఎవరి ఇబ్బందో లమ్వాకా అడగలేదు. పొద్దస్తమానం కటింగ్ గదిలో గిలెటిన్ కత్తి కింద కాగితాల దొంతరలు నెట్టీ నెట్టీ మోచేతులు వాచిన మనిషికి, ఆ కుర్చీ ఇస్తామంటే పేరు పెద్ద విషయంగా తోచలేదు. ఇప్పుడు ఎవరైనా నల్వోగా అని పిలిస్తే రెండో పిలుపు దాకా ఆగకుండా పలుకుతోంది. ఆ సంగతి గమనించినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసేది.

తెరేజా టీచరమ్మ మొదటిసారి మంగళవారం వచ్చింది. పేరడిగింది. నల్వోగా అనగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. అది ఆవిడ తల్లి పుట్టిన వంశంవాళ్లు పెట్టుకునే పేరట. ఆ వంశంలో పుట్టిన ఆడపిల్ల ఎంత చిన్నదైనా తనకు తల్లి వరసేనంది. నవ్వుతూ, అరవై రెండేళ్ల మోకాలు కొద్దిగా వంచి, పెద్దవాళ్లకు పెట్టినట్టే దండం పెట్టింది. ఆవిడ వెనక ముత్యాబా కన్ను గీటాడు. లమ్వాకాకు సిగ్గేసింది. కానీ అబద్ధమెందుకు, హాయిగా కూడా అనిపించింది. ఆ నగరంలో ఆమెకు దండం పెట్టినవాళ్లు అప్పటిదాకా లేరు. అప్పటి నుంచీ ఆవిడ ఈమెను అమ్మా అనేది, ఈమె ఆవిడను అమ్మా అనేది.

క్యాలెండర్ పురమాయించింది మాత్రం టీచరమ్మ కాదు, ఆవిడ పెద్దల్లుడు. కవలల తండ్రి గనక ఆయన్ని పేరుతో కాక సలోంగో అనే పిలుస్తారు. మ్పీగిలో సిమెంటు, ఇనుము దుకాణం. అత్తగారి కుటుంబం బొమ్మలతో గోడ క్యాలెండర్ వేయించి క్రిస్మస్‌కు చుట్టాలందరికీ పంచాలని ఆయన ముచ్చట. అత్తగారు నిండుగా కనబడాలి, తన భార్య ప్రోవియా, కవలలు, మరదళ్లు అందరూ ఉండాలి, తననూ ఒక చోట పెట్టాలి. ఎక్కడ పెట్టమంటారని అడిగితే ఫోన్లో గట్టిగా నవ్వాడు. అది కూడా నీకు నేను చెప్పాలా నల్వోగా, అన్నాడు.

లమ్వాకాకూ అది చెప్పనక్కర్లేదనిపించింది. చేయించేది ఆయన. అత్తగారు నడిమధ్యన, ఆయన ఆవిడ పక్కన. మంగళవారం నమూనా చూసి టీచరమ్మ ఇరుకుగా ఉందంది. అక్షరాలు తగ్గించి, అంచులు పెంచి, తల చుట్టూ చోటు వదిలింది. బుధవారం చూసి, ఊపిరాడటం లేదంది. మట్టిరంగు తీసేసి ఆకాశంరంగు వేసింది. గురువారం దాకా అలా రంగులూ అంచులూ మారాయి గానీ ఆవిడ కుడిభుజం పక్కన సలోంగో మాత్రం కదల్లేదు. పైగా మూడోసారికి లమ్వాకా ఆయన్ని ఇంకాస్త పెద్దవాణ్ని చేసి, ఆవిడ భుజానికి ఆయన భుజం తగిలేటట్టు జరిపింది.

దానికి కారణం ఉంది. ఈ అత్తా అల్లుళ్లకు పడదని ఆమెకు గట్టి అనుమానం. ఇద్దరూ కలిసి ఒక్కసారీ ప్రెస్సుకు రాలేదు. బుధవారం సలోంగో ఇంకొన్ని ఫొటోలు ఇవ్వడానికి వచ్చి, అద్దంలోంచి లోపల అత్తగారిని చూసి, గిరుక్కున వెనక్కి తిరిగి రోడ్డు దాటి కాల్చిన అరటికాయలమ్మే ఆమె గొడుగు చాటున నిలబడ్డాడు. ఆవిడ వెళ్లేదాకా అరగంట అక్కడే నిలబడి మూడు అరటికాయలు తిన్నాడు. ఇంత పెద్ద మనిషి, ఇంత భయమేమిటని లమ్వాకాకు జాలేసింది. ఆయన ముచ్చటపడి చేయిస్తుంటే ఆవిడ ఇలా బోర్లా పెట్టడం ఆయన మీద కక్షేనని నమ్మింది. బొమ్మలో దగ్గర చేస్తే మనసులో కూడా దగ్గరవుతారని ఆమె ఆశ.

అందుకే గురువారం సాయంత్రం ముత్యాబాతో ధైర్యంగా చెప్పింది. తప్పు తనది కాదు, ఫొటోలది. అయిదు పెళ్లిళ్ల ఫొటోల్లోంచి ఒక్కొక్కరిని కత్తిరించి పక్కపక్కన పెడితే ఒకరి ముఖం మీద ఎండ, ఇంకొకరి ముఖం మీద నీడ. అందర్నీ ఒకేచోట నిలబెట్టి ఒక్క ఫొటో తీస్తే ఆవిడ నోరు మెదపదు. కెమెరా ఇవ్వండి, రేపు వాళ్లింటికే వెళతానంది. ముత్యాబాకు కెమెరా ఇవ్వడం ఇష్టం లేదు. కానీ వేరే దారి కనబడక మెడకు తగిలించి పంపాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆమె మ్పీగి దాటి, టాక్సీ దిగి, మోటారుసైకిల్ ఎక్కి, కాఫీ తోటల మధ్య ఎర్రమట్టి దారిన టీచరమ్మ ఇంటికి చేరింది. ముందు వాకిట్లో టార్పాలిన్ పరిచి కాఫీ పళ్లు ఎండబోశారు. మా అమ్మ వచ్చిందంటూ టీచరమ్మ ఇంట్లోవాళ్లందర్నీ పిలిచి పరిచయం చేసింది. కొత్త చాప వేయించింది. అరటాకులో ఉడికించిన మటోకే అరటికాయ ముద్ద, వేరుశెనగ పులుసు వడ్డించి, తినేదాకా పక్కన కూర్చుంది. కూతురు ప్రోవియా మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు అందించింది. తనకన్నా పదేళ్లు పెద్దామె అలా మోకరిల్లుతుంటే లమ్వాకాకు ముద్ద దిగలేదు. ఇంత గౌరవం నాది కాదు, నల్వోగా అనే ఎవరిదో, అనుకుంది.

మూడింటికి రోడ్డు మీద వ్యాను ఆగింది. సలోంగో వచ్చాడు, కానీ వాకిట్లోకి రాలేదు. కంచె అవతలి నుంచే గొంతెత్తి కుశలం అడిగాడు. టీచరమ్మ చప్పున లేచి లోపలి గదిలోకి పోయి, తెర వెనక నుంచి జవాబిచ్చింది. పిల్లల దగ్గు తగ్గిందా, దుకాణం ఎలా ఉంది, కాఫీ ధర ఎంత పలుకుతోంది, అన్నీ గోడకు అటూ ఇటూనే సాగాయి. ఎంత మర్యాదగా మాట్లాడుకుంటున్నారో, పగవాళ్లే ఇంత మర్యాదగా మాట్లాడగలరని లమ్వాకా తేల్చేసుకుంది. ప్రోవియా ఆయనకు కాఫీ బస్తాలు దాచే పాకలో విడిగా వడ్డించింది. సొంత అల్లుణ్ని పాకలో కూర్చోబెట్టడం చూసి ఆమెకు నిజంగా బాధేసింది.

నాలుగింటికి ఎండ మెత్తబడింది. అలాంటి వెలుతురు గంటసేపు కూడా ఉండదు. లమ్వాకా పనసచెట్టు ఎదుట కుర్చీ వేసి టీచరమ్మను కూర్చోబెట్టింది. గోమెసి భుజాలు నిక్కబొడిచేలా సర్దింది. ఇటు ప్రోవియా, అటు ఇద్దరు మరదళ్లు, కాళ్ల దగ్గర కవలలు. కెమెరాలోంచి చూస్తే కుడిపక్కన మనిషి పట్టేంత ఖాళీ. సలోంగో ఎక్కడో పాక దగ్గర, అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

ఆమె అక్కడికి వెళ్లి రమ్మంది. తాను తర్వాత, విడిగా తీయించుకుంటానన్నాడాయన, నేల చూపులు చూస్తూ. విడిగా ఏమిటి, చేయించేది మీరు, మీరు లేకపోతే ఎలా, అంది లమ్వాకా. ఫొటోలు తీసేవాళ్ల మాట పెళ్లికొడుకైనా వింటాడని ఆమె నమ్మకం. నవ్వుతూ ఆయన మణికట్టు పట్టుకుంది. అంత మనిషి, పరాయి ఆడపిల్ల చెయ్యి విదిలించుకోలేక రెండడుగులు వచ్చాడు. నాలుగడుగులు వచ్చాడు. అక్కడ మొరాయించాడు. లమ్వాకా వెనక్కి వెళ్లి రెండు చేతులూ ఆయన వీపు మీద పెట్టి ఒక్క తోపు తోసింది. సలోంగో తూలి, కుర్చీకి మూరెడు దూరంలో వెళ్లి ఆగాడు.

టీచరమ్మ నడికట్టు చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని దిగ్గున లేచింది. కుర్చీ వెనక్కి పడింది. ఆవిడ ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. సలోంగో రోడ్డు వైపు పరుగెత్తాడు, ఒక చెప్పు కాఫీ పళ్లలో వదిలేసి. కవలలకు నవ్వొచ్చింది, ప్రోవియా చెరొకటి అంటించింది. మరదళ్లు లమ్వాకా వైపు చూడనే లేదు.

"నీకేమైనా పిచ్చా?" అంది ప్రోవియా, గొంతు తగ్గించి. "అల్లుణ్ని తీసుకొచ్చి అత్త మీదకు తోస్తావా? తాకితే ఏమవుతుందో తెలీదూ? జన్మంతా చేతులు వణుకుతాయి. మా ఊళ్లో పోస్టుమాస్టరు చూశావా, గ్లాసు పట్టుకోలేడు. బొమ్మలో పెట్టినందుకే అమ్మ మూడు రోజుల నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదు. నల్వోగా అని పేరు పెట్టుకుని ఇంత తెలివితక్కువ పని ఎలా చేశావే?"

లమ్వాకాకు అప్పుడు అర్థమైంది. పగా లేదు, కక్షా లేదు. పాకలో భోజనం, తెర వెనక మాటలు, గొడుగు చాటున అరగంట, అన్నీ మర్యాదే. అల్లుణ్ని అత్తకు దూరంగా ఉంచడమే వీళ్లకు ప్రేమ. తాను మూడు రోజులు కూర్చుని ఆ దూరాన్ని వేలెడు వేలెడు చొప్పున తగ్గిస్తూ వచ్చింది.

వెళ్లిపోవచ్చు. క్షమించమని ప్రోవియాతో చెప్పించి, నల్వోగాగానే టాక్సీ ఎక్కేయవచ్చు. వంశంలో ఒక తెలివితక్కువది పుట్టిందనుకుంటారు. సోమవారానికి బొమ్మ మార్చి పంపిస్తే కుర్చీ కూడా మిగలొచ్చు. అదంతా ఆలోచించే ఆమె మూసిన తలుపు దగ్గరికి వెళ్లి గడప మీద కూర్చుంది.

"అమ్మా, నేను నల్వోగాను కాను," అంది.

లోపల మంచం కిర్రుమనడం ఆగింది.

"నా పేరు లమ్వాకా. మాది గులు. ఆ పేరు ప్రెస్సులో పెట్టారు, నేను పెట్టించుకున్నాను. అల్లుడు అత్త దగ్గరికి రాకూడదని నాకు తెలియదు. మా పెద్దవాళ్లకూ ఇలాంటి కట్టుబాటే ఉండేదట. నేను పెరిగింది యుద్ధంలో, క్యాంపులో. అక్కడ గుడిసెకు గుడిసె ఆనుకుని ఉండేది. మా అమ్మమ్మా, మా నాన్నా ఒకే గోడకు అటూ ఇటూ వీపు ఆనించి పడుకునేవాళ్లు. ఎవరు ఎవరికి దూరం జరగాలన్నా చోటు లేదమ్మా."

ప్రోవియా వచ్చి కాఫీ పళ్లలోంచి చెప్పు తీసుకుని రోడ్డు వైపు వెళ్లింది.

"మూడు రోజులు నిన్ను అమ్మా అని పిలిచాను," అంది లోపలి నుంచి టీచరమ్మ.

"పిలిచారు."

"మా అమ్మ పోయి నలభై ఏళ్లు. మళ్లీ ఆ పిలుపు నోటికొచ్చిందని ఇంటికొచ్చి అందరికీ చెప్పుకున్నాను."

తలుపు తెరుచుకోలేదు. కాసేపటికి, చీకటి పడితే టాక్సీ దొరకదు, వెళ్లమని మాత్రం వినబడింది.

టాక్సీలో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఏడ్చింది. తర్వాత కోపం వచ్చింది. ముందు టీచరమ్మ మీద, ఒక్క ముక్క చెబితే పోయేదిగా అని. ఆ వెంటనే తన మీద. నోరు విప్పని మనిషని మూడు రోజులుగా తిట్టుకుంది గానీ, తాను విప్పింది ఏపాటి? కంపాలా దీపాలు కనబడేసరికి ఆ కోపం కూడా చల్లారింది. కటింగ్ గదిలోకి పోవాల్సి వస్తే పోతుంది. లమ్వాకాగానే పోతుంది. ఆ మాట అనుకున్నాక ఆకలి వేసి, స్టాండులో దిగగానే చపాతీలో రెండు గుడ్లు వేసి చుట్టిన రోలెక్స్ కొనుక్కుని నడుస్తూ తినేసింది.

శనివారం ముత్యాబా కెమెరా తిప్పి చూశాడు. ఒక్క ఫొటో లేదు. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"అల్లుణ్ని తోశావా? చేతుల్తో?" అన్నాడు. "సరే, అది పోనీ. పేరు సంగతెందుకు చెప్పావు? ఆ ఒక్కటీ మింగేస్తే పోయేదిగా."

"ముందు మీరొకటి చెప్పండి బాస్. మూడు నమూనాలూ మీ చేతుల మీదుగానే వెళ్లాయి. మీకు తెలీదా అలా పెట్టకూడదని?"

ముత్యాబా గుడ్డ తీసి, సిరా లేని వేళ్లు తుడుచుకున్నాడు. తాను చూసింది రంగే, ముఖాలు చూడలేదన్నాడు. ముఖాల సంగతి ఆమె చూసుకుంటుందనుకున్నాడట.

"మూడు నెలల్నుంచి పిలిచీ పిలిచీ, నువ్వు నల్వోగావేనని నేనే నమ్మేశాను," అన్నాడు చివరికి. ఎంత అమాయకంగా అన్నాడంటే లమ్వాకాకు నవ్వొచ్చింది.

ఆ రోజంతా ఆమె కుర్చీలోంచి లేవలేదు. పాత ఫొటోలనే మళ్లీ తెరిచింది. ఒక్కొక్కరినీ వెంట్రుకల చివర్ల దాకా జాగ్రత్తగా కత్తిరించి, అందరి ముఖాల మీదా ఎండను ఒకవైపుకు తెచ్చింది. టీచరమ్మను కాగితం పైభాగాన కూర్చోబెట్టి, చుట్టూ కూతుళ్లను పెట్టింది. సలోంగోను కింది అంచుకు దించి, కవలల్ని ఆయన చెరో చేతికీ ఇచ్చింది. మధ్యలో, ఇంతకుముందు ఏదో మూల ఇరుక్కుని ఉండే పన్నెండు నెలల గళ్లనూ పెద్దవి చేసి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచేసింది. ఇప్పుడు అత్తకూ అల్లుడికీ మధ్య ఏడాది మొత్తం అడ్డంగా ఉంది. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లని తెలుస్తూనే ఉంది. కాస్త దూరం జరిగి చూసుకుంది. ఇది బాగుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. టీచరమ్మ వచ్చినా రాకపోయినా ఇది బాగుంది.

సోమవారం పొద్దున్నే వాన. టీచరమ్మ గొడుగు మడుస్తూ వచ్చింది. కుశలాలు లేవు, అమ్మా అనలేదు. చూపించమంది. లమ్వాకా కాగితం ఇచ్చింది. ఆవిడ కళ్లజోడు జార్చుకుని పైనుంచి మొదలుపెట్టి, జనవరి నుంచి డిసెంబరు దాకా గళ్లన్నీ దాటుకుంటూ కింది అంచుకు వచ్చింది. అల్లుడి బొమ్మ దగ్గర కాసేపు ఆగింది. ఆయన్ని అంత తీరిగ్గా చూడటం ఆవిడకు అదే మొదటిసారి కాబోలు.

"చిక్కాడు," అంది నెమ్మదిగా. "ప్రోవియా సరిగ్గా పెట్టట్లేదు."

పెన్ను అడిగి తీసుకుని కాగితం మీద సంతకం చేసింది. ముత్యాబా గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ గాలి వదిలేలోపే ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"నల్వోగా అన్నది మా అమ్మవాళ్ల పేరు. మీ వంశానిది కూడా కాదు. దాన్ని పంచిపెట్టే అధికారం నీకెవరిచ్చారు నాయనా?"

ముత్యాబా తలొంచుకుని గుడ్డతో వేళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అల్లుణ్ని తోసిన పిల్లకు తెలియదు. ఒక వంశం పేరు ఇంకొకరికి పెట్టకూడదని ఈయనకు తెలుసు, చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆవిడ జవాబు కోసం ఆగకుండా, ఇంకో పని ఉందంది. డిసెంబరులో చిన్నమ్మాయిని అడగడానికి అబ్బాయి తరఫువాళ్లు వస్తున్నారు. ఆ వేడుకకు కార్డులు వెయ్యాలి. ముత్యాబా తేరుకుని, అది తానే స్వయంగా చేస్తానన్నాడు, ఆ పద్ధతులన్నీ తనకు తెలుసునన్నాడు.

"తెలుసు. అదే గొడవ," అంది టీచరమ్మ. "నీకు చెప్పక్కర్లేదని నేననుకుంటాను, అడగక్కర్లేదని నువ్వనుకుంటావు. ఈ పిల్లకైతే మొదటి నుంచీ చెప్పొచ్చు." లమ్వాకా వైపు చూసింది. ఆ చూపులో తల్లిని చూసిన వెలుగు లేదు. అది పోయింది, మళ్లీ రాదు. "నీ పేరు లమ్వాకా కదూ? నీకు మా సంగతులు ఏమీ తెలియవనుకునే చెప్పనా?"

"ఏమీ తెలియదమ్మా," అంది లమ్వాకా. అంత గర్వంగా ఆమె ఆ ప్రెస్సులో ఏ మాటా అనలేదు. "మీరు చెప్పండి. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను."

టీచరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. గుమ్మంలోకి ఎవరు ముందు రావాలో అక్కడ మొదలుపెట్టింది. ఎవరి పేరు పక్కన ఎవరి పేరు ఉండొచ్చు, ఎవరిది ఉండకూడదు, మేనత్త పేరు ఎందుకు పైన రావాలి, అన్నీ ఒక్కొక్కటే చెప్పింది. లమ్వాకా రాసుకుంది, అడిగింది, కొట్టేసి మళ్లీ రాసుకుంది. వాన వెలిసింది. మధ్యాహ్నం దాకా ఆవిడ చెబుతూనే ఉంది, ఈమె అడుగుతూనే ఉంది.